భద్రమైన శివారు

"నగరంలో దొంగతనాలు పెరిగాయక్కా, మీ శివారులో సగానికి తగ్గాయి. ఇదిగో, మొదటి పేజీలో నా పేరుతో!" విలేకరి తమ్ముడు గుమ్మంలోనే పేపరు విప్పాడు. అతని మాట మీదే అక్క ఇక్కడ ఇల్లు కొనుక్కుంది.

పేపరు అందుకోబోతుంటే ఆమె శాలువా జారింది. మెడంతా ఎర్రగా గీరుకుపోయి ఉంది.

"ఏమిటక్కా అది?"

"ఏం లేదురా."

"అక్కా!"

"మొన్న సందు చివర ఎవడో బండి మీద వచ్చి గొలుసు లాక్కుపోయాడు. అంతకుముందు పక్కింటావిడదీ అలాగే పోయింది."

"పోలీసులకి చెప్పలేదా? నాకైనా చెప్పొద్దూ?"

"స్టేషన్ దాకా వెళ్లి వెనక్కొచ్చేశానురా. ఇక్కడ భయం లేదని నువ్వు ఊరందరికీ రాస్తుంటే, సొంత అక్కే ఫిర్యాదు చేస్తే నీ మాట పోదూ? పక్కింటావిడకీ అదే నచ్చజెప్పాను."

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. స్టేషన్‌లో ఇచ్చిన అంకెలు చూసి రాశాడే తప్ప, ఈ సందులో ఒక్క తలుపైనా తట్టలేదు. అక్క గడప తొక్కి కూడా నెలలైంది.

"చెప్పులేసుకో అక్కా, స్టేషన్‌కి వెళ్దాం. పక్కింటావిడనీ పిలువు."

"మరి నీ పేరు పోదురా?"

"పోతే పోనీ అక్కా," అన్నాడు తలెత్తకుండానే.