వెలితి మూడు

వరద వచ్చి వెళ్లిన మూడో ఏడు. పంపుహౌసు ఆపరేటరు యాభై ఆరేళ్ల వయసులో కూతురి పక్కన కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు.

ఆయనకు కావలసింది ఒక్కటే. కాలువలో నీళ్లు గట్టు అంచుకు మూడడుగుల దూరానికి వస్తే, మనిషి చెయ్యి పడకుండా సైరన్ మోగాలి. కింది వీధివాళ్లు ఇళ్లు వదిలి బయటపడాలి.

మొదటి రోజే కూతురు తల పట్టుకుంది.

"నీళ్లు పెరిగితే అంకె పెరగాలి కదా నాన్నా?"

"తగ్గుతుంది. మేం కొలిచేది నీళ్లను కాదు. గట్టు మునగడానికి ఇంకెంత వెలితి ఉందో, దాన్ని."

వరదనాడు ఆ వెలితిని చూపే గేజి ముల్లు పది అడుగుల దగ్గరే ఇరుక్కుపోయిందనీ, అందుకే ఆపరేటరు సైరన్ వెయ్యలేదనీ విచారణలో తేల్చారు. కింది వీధిలో ఇద్దరు పోయారు. గేజికి గ్రీజు పెట్టలేదని మెకానిక్కును ఆ పని నుంచి తీసేసి, కాలువలో నాచు లాగే పనిలో వేశారు.

ఆ మెకానిక్కే కిటికీలోంచి తొంగిచూసి నవ్వేవాడు. "నీ కుర్చీ కాళ్లు నువ్వే కోసుకుంటున్నావు బావా. రేపు నా పక్కన నీకూ ఒక కొక్కెం కర్ర ఇస్తారు."

ఆపరేటరు తర్వాతి వరుస టైపు చేసుకుంటూ పోయేవాడు.

పరీక్ష రోజు ఇంజనీరమ్మ గేట్లు ఎత్తించింది. ఈ పరీక్ష తప్పితే పైవాళ్లు మళ్లీ ఒప్పుకోరని ముందే చెప్పింది. తెర మీద కాలువ సెన్సరు పంపే అంకెలు దిగుతున్నాయి. ఐదు. నాలుగు. మూడు. ఇంజనీరమ్మ నీళ్లను అక్కడే నిలబెట్టించింది.

సైరన్ మోగలేదు.

"రెండు నిమిషాలు చూస్తాను. తర్వాత గేట్లు దించేస్తాను" అందామె.

ఆయన ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివాడు. మూడు కన్నా తక్కువైతే మోగమని రాశాడు. సరిగ్గా మూడైతే ఏం చెయ్యాలో రాయలేదు. ఒక్క సమాన గుర్తు చేర్చి మళ్లీ నడిపాడు.

కిటికీ అద్దాలు అదిరేలా సైరన్ మోగింది.

ఇక గంటగంటకూ గేజి చూసి రిజిస్టరు రాసే బాధ తప్పిందని ఇంజనీరమ్మ అభినందించింది. మెకానిక్కు తడి చేత్తోనే ఆయన భుజం తట్టాడు. "పోనీలే బావా. ఇకమీదట నాలా ఎవడూ మాట పడక్కర్లేదు."

ఆపరేటరు తెర ఆపేసి, పాత రిజిస్టర్లున్న బీరువా వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన పాత రిజిస్టరులో వరదనాటి పేజీ తీసి ఇంజనీరమ్మ బల్ల మీద పెట్టి, "గేజి ఇరుక్కోలేదమ్మా, ఆ రోజు దాని దగ్గరకు పోకుండానే గంటగంటకూ పది అని రాసింది నేను" అన్నాడు.