తొక్కండి, వదలండి

బండి రిపేరు పనులన్నీ ఒక్కడే చేసుకుంటూ వచ్చిన ఫొటో స్టూడియో ఆయన బ్రేకుల దగ్గర ఆగిపోయాడు.

బ్రేకు గొట్టాల్లో గాలి చేరింది. అది పోవాలంటే సీట్లో ఒకరు కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి, కింద ఇంకొకరు చక్రం దగ్గర మర తిప్పాలి. ఒంటిచేత్తో చప్పట్లు కొట్టమంటే ఎలా?

బండి పాతదీ, పెద్దదీ. ఇంటిల్లిపాదీ ఎక్కాక కూడా ఫొటో లైట్లకీ స్టాండ్లకీ చోటు మిగిలేది. ఊరూరా ఫొటోలు తీయడానికి తిరిగినన్నాళ్ళూ దాన్ని నడిపింది ఆయన భార్యే. ఏనుగు అని పిలిచేది. రిపేర్లన్నీ ఆయన సొంతంగా చేసేవాడు. "మీరు ఒకటి బాగుచేస్తే రెండు పాడవుతాయి" అని ఆవిడ నవ్వేది.

కిందటేడు ఆ బండిలోనే, ఒక్కతే వస్తుండగా, ఆవిడ గుండె ఆగిపోయింది.

దారిన పోయే మనిషెవరో తలుపు తీసి బండెక్కి ఆఖరిదాకా పక్కనే ఉన్నాడట. అంబులెన్సు వచ్చాక ఎటో వెళ్ళిపోయాడట. ఆ రోడ్డు మీద ప్రతి కొట్లోనూ వాకబు చేశాడు ఆయన. అతనెవరో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆయనకి తెలియాల్సింది ఒక్కటే. ఆఖర్న ఆవిడ ఏమైనా అన్నదా? అది తెలియక ఏడాదిగా ముద్ద దిగడం లేదు.

ఇంట్లో ఉండలేక ఏనుగు మీద పడ్డాడు. రేడియేటర్ గొట్టాలు మార్చాడు. కొత్త లైట్లు బిగించాడు. వెనక కెమెరా కూడా పెట్టాడు, తన వెనకాల వచ్చేవాళ్ళు ఎవరున్నారని పెట్టాడో గానీ.

"సాయం ఏమైనా కావాలాండీ?"

ఆయన బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కనిపించినవి రెండు తోలు చెప్పులు. ఒకదాని పట్టీ తెగితే ఎర్రదారంతో కుట్టారు.

"మనిషి సాయం కాదు, కాలు సాయం కావాలి. సీట్లో కూర్చుని తొక్కమంటే తొక్కండి, వదలమంటే వదలండి."

"అంతేనాండీ?"

"అంతే."

చెప్పులు అటువైపు తిరిగి వెళ్ళాయి. తలుపు తెరుచుకుంది. బండి కాస్త కుంగింది.

"తొక్కండి."

"తొక్కానండి."

"వదలండి."

"వదిలానండి."

కాసేపటికి పైనుంచి మాట వచ్చింది. "ఇది మీ ఆవిడగారు నడిపిన బండేగా?"

ఆయనకి ఒళ్ళు మండింది. ఏడాదిగా పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఇలాగే మొదలుపెట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి, టీ తాగి వెళ్ళినవాళ్ళే.

"పని మధ్యలో కబుర్లు నాకు పడవు. తొక్కండి."

"తొక్కానండి."

మరలు తుప్పు పట్టి ఉండడంతో రోజుకో చక్రమే అయింది. చెప్పులు రోజూ సాయంత్రం వచ్చాయి. ఎక్కేవి, దిగేవి, వెళ్ళిపోయేవి. నిజం చెప్పాలంటే ఆయన వాటికోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు. ఆ మాట అడిగితే మాత్రం ఒప్పుకోడు.

ఆఖరి చక్రం రోజున చెప్పులు దిగి, ఆయన తల పక్కన ఆగాయి.

"రేపు ఊరు వదిలి వెళ్ళిపోతున్నానండి. ఇక రాను. పోయేలోగా మీకో మాట చెప్పాలని. కాస్త బయటికొస్తారా?"

మర ఆఖరి బిగింపులో ఉంది. ఆయన చేతులు నూనెతో జిడ్డోడుతున్నాయి.

"ధైర్యంగానే ఉన్నానండి. ఆ మాటే అయితే అక్కర్లేదు. క్షేమంగా వెళ్ళిరండి."

చెప్పులు అటు తిరిగాయి.

"సరేనండి. మీరు పడుకుని ఉండగా చెప్పే మాట కాదు లెండి."

వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత రెండోరోజు ఆయన వదినగారు వచ్చింది, భార్యకి అక్క.

"ఏనుగు బాగైందటగా మరిదిగారూ. మా చెల్లి సీట్లో ఒక్కసారి కూర్చుంటాను" అని తలుపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. "తాళం వేశారా?"

"తాళం కాదు వదినా, నా పనితనం. ఆ బందులు నేను బిగించినవేగా. పిడి పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తి లాగాలి."

"ఇన్నేళ్ళు ఈ బండెక్కాను, నాకు తెలీనే తెలీదే."

"మీరెక్కేది వెనక తలుపు. ఇది నేనూ తనూ తప్ప ఎవరూ ముట్టుకోలేదు. దొంగ వచ్చినా ఈ తలుపు దగ్గర ఓడిపోతాడనేది. ఈ కిటుకు మా ఇద్దరికే..."

తీసి చూపిద్దామని పిడి పట్టుకున్న ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆ చెప్పుల మనిషి రోజూ ఎక్కింది ఈ తలుపులోంచే. పైకెత్తమని తను ఒక్కసారీ చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఆయన వీధిలోకి పరుగెత్తాడు. ఆ చివరా ఈ చివరా ఖాళీ. పేరు అడగలేదు, ఏ ఊరు వెళ్తున్నాడో అడగలేదు. ఊళ్ళో సగం ముఖాలు ఆయన కెమెరాలోంచి వెళ్ళినవే. ఈ ఒక్క ముఖం గుర్తు చేసుకుందామంటే ఎర్రదారం కుట్టే గుర్తొస్తోంది.

వదిన వెనకాలే వచ్చింది. "ఏమైంది? ఎవరికోసం?"

ఏడాదిగా పొడిగా ఉన్న కళ్ళు అప్పుడు నిండాయి.

"ఆ తలుపు ఎలా తీయాలో ఆ రోజు మీ చెల్లెలు లోపలినుంచి ఎవరికి చెప్పిందో, అతనికోసం వదినా."