పక్కదారి వాల్వు

పక్కదారి గొట్టం వాల్వు చక్రాన్ని ఎవరో కదలకుండా వెల్డు చేసేశారు.

ఆ సంగతి బయటపడింది సరిగ్గా తనిఖీ అధికారిణి చిమ్నీకి మీటరు తగిలించి నిలబడ్డప్పుడే.

ఫర్నేసులో పుట్టే ఆమ్లపు గ్యాసంతా ముందు టవర్‌లోకి వెళ్ళాలి. అక్కడ పైనుంచి కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు జల్లులా పడి దాని విషాన్ని కడిగేస్తాయి. ఆ నీళ్ళ పంపు ఆగితే ఫర్నేసు ఆపాలి. ఆపితే మళ్ళీ వేడెక్కడానికి ఒక పూట పడుతుంది. అందుకని ఆపరేటర్లు గుట్టుగా పక్కదారి తెరిచేవాళ్ళు. గ్యాసు కడక్కుండానే చిమ్నీ ఎక్కేది.

ఆ మధ్యాహ్నం పంపు ఆగింది.

అలవాటు కొద్దీ ఆపరేటరు చక్రం పట్టుకున్నాడు. తిరగలేదు. ఇద్దరు పట్టారు. ఊహూ. చేసేది లేక ఫర్నేసు ఆపేశారు.

మేనేజరు చిమ్నీ దగ్గరికి పరుగెత్తాడు. ఈసారి తనిఖీలో తప్పితే ఫ్యాక్టరీకి తాళమేనని నోటీసు వచ్చి నెలైంది.

అధికారిణి మీటరు వంక చాలాసేపు చూసింది.

"పంపు ఆగిన మూడో నిమిషానికి ఫర్నేసు ఆపేశారు. ఇంత నిక్కచ్చి మనుషుల్ని నేను చూళ్ళేదండీ" అంటూ సంతకం పెట్టింది.

మేనేజరు ఛాతీ ఉప్పొంగింది. తన గది గోడమీద ఫ్రేము కట్టించిన టవర్ నక్షా చూపించి, ఇలాంటిది చుట్టుపక్కల ఇంకొకటి లేదని చెప్పి మరీ ఆమెను సాగనంపాడు.

ఆ తర్వాత ఫోర్‌మన్‌ని పిలిచి, ఆ వెల్డు ఎవరి పనని అడిగాడు.

"మనవాళ్ళది కాదు సార్. మనవాళ్ళ అతుకు ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఇది గొలుసుకుట్టు వేసినట్టుంది."

నిన్న ఆదివారం. ప్లాంటుకి సెలవు. లోపల ఉన్నది ఒక్కడే, టవర్ కడిగే ముసలాయన. ఆ టవర్ని ఆయన తుడిచే తీరు చూసి, అది నీ కూతురా అని పనివాళ్ళు ఆట పట్టించేవాళ్ళు. టవర్ మావయ్య అని పేరు పెట్టారు. పక్కదారి మూసెయ్యమని ఆయన పోరు పడలేక, ఆదివారంతో నీ పని సరి అని శనివారమే చెప్పేశాడు మేనేజరు.

ఇంతలో ఆ ముసలాయనే హెల్మెట్ అప్పగించడానికి వచ్చాడు.

"వెల్డు చేసింది నువ్వేనా?"

"నేనే."

"నీ వల్లే ఇవాళ ఫ్యాక్టరీ నిలబడింది. రేపట్నుంచి మళ్ళీ పనిలోకి రా."

ముసలాయన నవ్వాడు. గోడమీద కాస్త ఒరిగిన ఫ్రేముని సరిచేశాడు. నక్షా మూలన ఉన్న చిన్న సంతకం మీద వేలు పెట్టాడు.

"పక్కదారి మూయించాలనే ఈ కడిగే పనిలో చేరాను, అది అయింది. ఇక నా పనేం లేదు సార్. ముప్పై ఏళ్ళ కిందట ఈ టవర్ గీసింది నేనే, ఇప్పటికీ నాకు గర్వమే. కానీ అప్పటి యజమాని అడిగితే కాదనలేక ఆ పక్కదారి కూడా గీశాను, ఆ నేరం నాది."