చెయ్యి చాపు

ఆ పొద్దు ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా జల్‌పల్లి మీద బరువుగా వేలాడుతోంది. చినుకు లేదు, ఎండ లేదు.

"ఈ అంగీ వద్దులే," అన్నాడు బాలనర్సింహ బొత్తాలు విప్పుతూ. "చినిగితే పాయె. పాతదే తొడుక్కుంట."

"మా అబ్బా కొట్టడు," అన్నాడు కాషిఫ్. "మాటతోనే పానం తీస్తడు."

ఆ ఒక్క గదిలో రెండేళ్లుగా ఇద్దరిదీ కాపురం. చీరల మీద జరీ పని కాషిఫ్‌ది. పక్కన కూర్చుని బాలనర్సింహా అదే నేర్చుకున్నాడు. అంతకు ముందు అతను దబీర్‌పురా స్టేషన్ దగ్గర నిలబడేవాడు. మగవాళ్లు వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఆ డబ్బుతోనే కడుపు నింపుకున్నాడు. కాషిఫ్ కూడా ఒకనాడు అక్కడికే వచ్చాడు. వచ్చి, "ఏమన్న తిన్నవా?" అని అడిగాడు.

కొడుకు సంగతి తెలిసిన రోజే కాషిఫ్ తండ్రి ఖదీర్ ఇంటి తలుపు మూసుకుంది. అలాంటిది నిన్న ఆయనే ఫోన్ చేశాడు. "రేపు పగటాల్ల ఇంటికి రండి. ఇద్దరూ." అంతే, పెట్టేశాడు.

"ఎందుకు పిలిచిండంటవ్?"

"నాకు పిల్లను చూసుంటడు. నిన్ను తొలగిపొమ్మంటడు. పోతవా?"

"యాడికి? మళ్ల టేషన్‌కా?"

కాషిఫ్ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. "మా చెల్లె ఖుష్బూ పెళ్లయినంక కొత్త అల్లుణ్ని పిలిచి అయిదు శుక్రవారాలు దావత్ పెట్టిండు అబ్బా. మా రివాజు అది, జుమాగి అంటరు. ఒక్కదానికి గూడ నన్ను రానియ్యలే. అల్లుడు చూస్తే ఇజ్జత్ పోతదట! గసుంటాయన నిన్ను నెత్తిన పెట్టుకుంటడా?"

"పోయిన నెల నీకు డెంగీ వచ్చినప్పుడు వచ్చిండు గద."

"వచ్చి ఏం జేసిండు?"

ఆ రోజు బకెట్ అందేలోపే కాషిఫ్‌కు వాంతి అయితే బాలనర్సింహ దోసిలి పట్టాడు. తల ఎత్తితే గుమ్మంలో ఖదీర్. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో! లోపలికి రాలేదు. తిరిగి వెళ్లిపోయాడు.

ఖదీర్ ఉండే జహనుమాలో దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తమను చూడొద్దని వీధి వీధంతా కళ్లు మూసుకున్నట్టు తోచింది బాలనర్సింహకు. మూసిన కొట్టు అరుగు మీద కూర్చున్న ఆ గల్లీవాడు తబ్రేజ్ మాత్రం అతన్ని గుర్తుపట్టాడు.

"ఏంరో టేషన్ పెళ్లికొడుకా! ఇయాల ఈ గల్లీల బేరమా?"

కాషిఫ్ పిడికిలి బిగించాడు. బాలనర్సింహ అతని మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపించాడు.

తలుపు ఖదీరే తీశాడు. ఇస్త్రీ మడతలు పోని తెల్లటి కుర్తా. అత్తరు వాసన. నవ్వు లేదు.

"దబీర్‌పురా టేషన్‌కాడ నిలబడేది నువ్వేనా?"

బాలనర్సింహకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నేనే చాచా. ఇప్పుడు పోతలేను."

"నా కొడుకు కక్కితే చేత్తోని పట్టింది?"

"అది గూడ నేనే."

"ఏ చెయ్యి?"

"రెండూ."

"చాపు."

ఊళ్లో బడిలో సార్ బెత్తానికి చాపినట్టే రెండు అరచేతులూ చాపి కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. గోరువెచ్చటి నీళ్లు పడ్డాయి.

కళ్లు తెరిచాడు. ఆ ముసలాయన చెంబు పట్టుకుని, నడుము వంచి, తన చేతుల మీద నీళ్లు పోస్తున్నాడు. ఆయన భుజాన మడత విప్పని కొత్త తువ్వాలు. బాలనర్సింహ వేళ్ల మీద ఎంతోమంది చేతులు పడ్డాయి గానీ, ఇలా ఎవరూ కడగలేదు. చెంబు ఖాళీ అయినా చేతులు వెనక్కి తీసుకోలేకపోయాడు.

లోపల నేల మీద భోజనానికి ఎర్రటి దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. బగారన్నం, దాల్చా, ఖుబానీ మీఠా.

"బైఠో బేటా," అంటూ కాషిఫ్ తల్లి సలీమా అతన్ని నడుమ కూర్చోబెట్టింది. మంచి ముక్క ఏరి మొదట అతని పళ్లెంలోనే వేసింది. కొడుక్కు ఆ తర్వాతే.

కాషిఫ్ తల్లి మొహం చూశాడు. తండ్రి మొహం చూశాడు. తల దించుకుని ముద్ద కలిపాడు.

నలుగురూ తిన్నారు.

ఆ రోజు శుక్రవారం.