సగమే తిరిగే యాక్సిలరేటరు

వాన వెలిసింది. ఐలా గడ్డి తిరగేయడం ముగించి, ఇంజను మీద తొడుగుల్లేని తన కొత్త స్పోర్ట్స్ బైకును కొట్టంలోకి తోసింది. అద్దాలు, సైలెన్సరు తనే మార్చుకుంది. యాక్సిలరేటరు తీగ మాత్రం మొగుడు వెయికో బిగించాడు.

"కుయోపియో ఊరికెళ్ళే రోడ్డులో గుట్ట మీద ట్రాక్టరు కూడా నన్ను దాటేసింది," అందామె.

వెయికో నవ్వాడు. "కొత్త ఇంజను. వెయ్యి కిలోమీటర్ల దాకా ముక్కుతుందిలే."

ఐలా తీగ విప్పింది. పిడి పూర్తిగా తిరగకుండా లోపల ఇనుప బిళ్ళ అడ్డుపెట్టి ఉంది.

"నువ్వు పెట్టిందేనా?"

"ఆ వేగంలో పడితే బతుకుతావా?"

ఆమె మెత్తబడింది. "అంత భయమైతే చెప్పొచ్చుగా, పిచ్చోడా."

"భయం కాక? నీ కాలు విరిగితే ఇన్ని ఆవులకి పాలెవరు పితుకుతారు?"

ఐలా బిళ్ళ పీకి అతని చేతిలో పెట్టింది.

మర్నాడు పాలు పితికే వేళకి ముందే బండెక్కి వెళ్ళిపోయింది.