రెండోసారి అడిగిన జమీందారు

నళిని ప్రేమించింది శ్రీధర్‌ని. ఇందులో వాదనకు చోటు లేదని కొండల్ రావు ఏనాడో తేల్చేసుకున్నాడు. పదకొండేళ్ళ కాపురంలో మొగుణ్ణి చూసి ఒక్కసారీ అలా వెలగని ముఖం, పరాయివాడి ముందు వెలిగింది.

1982లో క్లీవ్‌లాండ్ తెలుగువాళ్ళు ఉగాదికి నాటకం వేద్దామన్నారు. నళినే రాసింది. ఇంగ్లీషువాళ్ళ పాత ప్రేమకథ, గుర్రబ్బండ్ల కాలం నాటిది. డబ్బూ పొగరూ ఉన్న దొర ఒక విందులో మామూలు ఇంటి పిల్లని చులకన చేస్తాడు. ఆ మాట ఆమె చెవిన పడుతుంది. తర్వాత అతనే వచ్చి పెళ్ళాడతానంటే పొమ్మంటుంది. పొగరు దిగాక రెండోసారి వచ్చి అడుగుతాడు. నళిని ఆ దొరని గోదావరి జమీందారును చేసింది. విందును పెళ్ళిపందిరి చేసింది.

నాయిక తనే. జమీందారు శ్రీధర్. ఢిల్లీలో పెరిగినవాడు, ఆరడుగుల మనిషి. తెలుగు మాట్లాడతాడు గాని అక్షరం ముక్క చదవలేడు.

"చదవడం రానివాడికా హీరో వేషం?" అన్నాడు కొండల్ రావు.

"చూడ్డానికి బాగుంటాడు గదా. మాటల సంగతి నేను చూసుకుంటాను," అంది నళిని. "మీరూ రావాలి. ఒక్క రిహార్సల్ కూడా మానకూడదు."

వెళ్ళాడు. రామమోహన్ గారి బేస్‌మెంట్‌లో రిహార్సల్స్. పందిట్లో ఆ పిల్లని చూసి జమీందారు తన స్నేహితుడితో అనే మొదటి మాట: "రంగు తక్కువ. ఫరవాలేదు."

ఆ మాట దగ్గరకి వచ్చేసరికి కొండల్ రావు నాలుక ఎండిపోయింది. అది తన మాట. తెనాలిలో పెళ్ళిచూపులనాడు పక్క గదిలో తండ్రితో అన్నది. నళిని వినలేదనుకున్నాడు. విన్నది. ఇన్నేళ్ళూ దాచుకుంది. ఇప్పుడు తెచ్చి శ్రీధర్ నోట పలికించింది.

"ఇంటి సంగతులు వాడికెందుకు?" అన్నాడు కారులో.

"అది జమీందారు మాట," అంది నళిని. "మీకెందుకు తగిలింది?"

అసలు మంట ఆఖరి రంగంతో మొదలైంది. జమీందారు రెండోసారి వచ్చి అడిగే రంగం. కొండల్ రావు నిలబడ్డ చోటికి శ్రీధర్ వీపు కనిపించేది, దాని అవతల నళిని ముఖం.

"ఆనాడు నిన్ను చూడటం చేతకాలేదు," అంటాడు జమీందారు. "ఇవాళ చూపు తిప్పుకోవడం చేతకావడం లేదు."

ఆ మాటలు నడిచినంతసేపూ కొండల్ రావు తల దించుకునే ఉండేవాడు. అవి పూర్తయి తల ఎత్తేసరికి నళిని ముఖం దీపం పెట్టినట్టు ఉండేది. వారం వారం అదే. మొగుడు అక్కడే ఉన్నాడన్న జంకైనా లేదు.

"వదినగారి ముందు నేను గోడలా నిలబడితే చాలు, అన్నగారూ!" అని ఒకరోజు శ్రీధర్ నవ్వాడు.

కొండల్ రావు నవ్వలేదు. గోడలకి దండలు వేయరు.

ఉగాదినాడు శ్రీధర్‌కి దండ వేశారు. అద్దెకి తీసుకున్న హైస్కూలు హాలు నిండిపోయింది. ఆఖరి రంగం అవగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొండల్ రావు వైపు చూసినవాడు లేడు.

తిరిగి వస్తుంటే నళిని అడిగింది. "ఎలా ఉంది?"

"గొంతు పట్టేసింది. మాట్లాడించకు."

"ఆఖరి మాట... నిజంగా అన్నట్టే ఉంది," అంది మెల్లిగా.

"వాడంటే ఎందుకుండదు?"

"వాడా?"

ఆమె అతని వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. తర్వాత అద్దం వైపు తిరిగి బయట మంచును చూస్తూ కూర్చుంది.

"ఇక నాటకాలు వద్దు," అన్నాడు.

"సరే," అంది.

మళ్ళీ వేయలేదు. మళ్ళీ రాయలేదు. శ్రీధర్ ఇంటికి రావడం మానేశాడు. ఇంట్లో ఇద్దరూ ఉప్పూ పప్పూ గురించి మాట్లాడుకున్నారు. 1988లో క్యాన్సర్ వచ్చి నళిని పోయింది. కొండల్ రావు చివరిదాకా క్షమించలేదు. క్షమించమని ఆమె అడగనూ లేదు.

పెద్దకర్మ అయ్యాక శ్రీధర్ వచ్చాడు. చేతిలో వీడియో టేపు. కొండల్ రావు తలుపు సగమే తీశాడు.

"రామమోహన్ గారు హాల్లోంచి తీసిన టేపు, అన్నగారూ. గరాజ్ సర్దుతుంటే దొరికిందట. మీరొకసారి చూడాలి."

"ఏముంది అందులో?"

"వదినగారు ఉన్నారు."

టేపు అందుకుని తలుపు వేశాడు. చూడాలనే ఉంది అతనికి. రుజువు కావాలి. పోయిన మనిషి మీదైనా సరే.

ఆఖరి రంగం దాకా టేపు ముందుకు తిప్పాడు. ఒకసారి చూశాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. టీవీ దగ్గరగా జరిగి, నేల మీద కూర్చుని, ఇంకోసారి చూశాడు.

మర్నాడు శ్రీధర్ ఫోన్ చేశాడు. "చూశారా అన్నగారూ?"

"చూశాను."

"మాకందరికీ అప్పుడే తెలుసు. మీకూ తెలుసనే అనుకున్నాం..."

"ఆ నాటకం ఊసు ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

ఫోన్ పెట్టేశాడు.

టేపులో జమీందారు ఆ మాటలంటూ తల వంచాడు గాని నళిని చూపు అతనితో పాటు దిగలేదు. అతని భుజం మీదుగా, పక్కతెర చాటున నాటకం కాగితాలు పట్టుకుని, చదవడం రాని శ్రీధర్‌కి మొదటినుంచీ ఒక్కొక్క మాటా అందిస్తున్న కొండల్ రావు మీదే నిలిచిపోయింది.