నాలుగు లైన్ల ప్రకటన

మాజీ సైనికుల సహాయ కేంద్రంలో ఫ్యాను నెలకోసారి ఒక చుట్టు తిరుగుతుంది.

కేంద్రం అచ్చువేసే వార్తాపత్రిక కూడా నెలకోసారే వస్తుంది. రెండూ ఏదో ఒప్పందం చేసుకున్నట్టున్నాయి.

ఆ సోమవారం కొత్త పత్రికల కట్ట విప్పుతుండగా, బెంచీ మీంచి ఒక ముసలాయన ధబ్బున కిందపడ్డాడు.

పడ్డాక కూడా నిద్ర లేవలేదు.

ఎడిటరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆ పత్రికకి వార్తలు రాసేదీ, తప్పులు దిద్దేదీ, కేంద్రంలో టీ కాచేదీ, సాయంత్రం తాళం వేసేదీ ఆ అమ్మాయే.

"తాతా! దెబ్బ తగిలిందా?"

"వచ్చేశామా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"ఎక్కడికి?"

ఆయన కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. "ఓహో, ఇక్కడికేనా" అని నిరాశగా లేచి కూర్చున్నాడు.

భూతద్దం తీసి పత్రిక అందుకున్నాడు. పింఛను కబుర్ల నుంచి మోకాళ్ళ డాక్టరు వచ్చే తేదీ దాకా, ఆచూకీ ప్రకటనల నుంచి ప్రెస్సు ఫోన్ నంబరు దాకా అంతా చదివాడు.

"ఈ నెలా లేడు అమ్మాయ్."

"ఎవరు తాతా?"

"నా మనిషి."

"పేరు చెప్పు, ప్రకటన వేస్తాను."

"తెలీదు."

"నంబరు?"

"తెలీదు."

"ఏ రెజిమెంటు?"

"మాది మాత్రం కాదు."

"మొహం గుర్తుందా పోనీ?"

"చూళ్ళేదు."

"మరింకేం తెలుసు నీకు?"

"వీపు తెలుసు."

ఎడిటరమ్మ నవ్వు దాచుకోడానికి టీ కెటిల్ వెనక్కి వంగింది. కెటిల్ కూడా నవ్వాపుకోలేక మూత ఎగరేసింది.

"అదో పెద్ద కథలే. చెప్పనా?"

"నాలుగు లైన్లలో చెప్పగలవా తాతా? ప్రకటనకి మా దగ్గర నాలుగే లైన్లు. ఐదో లైను వేస్తే భూమి తిరగడం ఆగిపోతుందని మా సారు నమ్మకం."

ఆయన వేళ్ళ మీద నాలుగు లైన్లు లెక్కపెట్టి చూశాడు.

"నాలుగింట్లో పట్టడమ్మా ఆయన" అని మళ్ళీ బెంచీ ఎక్కి, ఎవరి భుజం మీదో తల వాల్చినట్టు పక్కకి ఒరిగి నిద్రపోయాడు.

అప్పట్నుంచీ ఆయన 'వీపు తాత' అయిపోయాడు. ప్రతి నెలా మొదటి సోమవారం రావడం, చదవడం, నిద్రపోవడం.

సోమవారాలు సైనికులవి. గురువారాలు వాళ్ళ కుటుంబాలవి. ఒకప్పుడు అందరూ ఒకే రోజు వచ్చేవాళ్ళు. కుర్చీల కోసం జరిగిన యుద్ధంలో రెండు కుర్చీలు వీరమరణం పొందాక ఈ ఏర్పాటు చేశారు.

ఒక గురువారం టైలరమ్మ వచ్చింది, మెడలో టేపుతోనే.

భర్త పోయి రెండేళ్ళయింది. ఆయన సర్వీసు రికార్డులో ఒక్క మాట మిగిలిపోయింది: 'రాత్రి కాపలా వదిలి వెళ్ళాడు.'

ఆ మాట కొట్టేయించాలి. ఆరు నెలల్లో విచారణ. బతికున్న సాక్షి ఒక్కరు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. లేకపోతే ఫైలు ఇక ఎప్పటికీ తెరవరు.

ఆవిడ రెండువైపులా నిండా రాసిన కాగితం ఇచ్చింది.

"ఇదంతా వెయ్యాలి తల్లీ."

"నాలుగు లైన్లే పిన్నిగారూ."

"ఆయన ఎందుకు వెళ్ళారో ఆ ముక్కయినా ఉండనీ."

"పేరు, నంబరు, రెజిమెంటు, విచారణ తేదీ. అయిపోయాయి నాలుగు. చూసినవాళ్ళకి మిగతాది తెలిసే ఉంటుంది కదా!"

"బట్ట చాలకపోతే చేతులు పొట్టిగా కుడతాం గానీ, తల దూరే చోటు కుట్టేస్తామా తల్లీ?"

ఎడిటరమ్మ నవ్వేసి ఎర్ర పెన్ను తీసింది.

ప్రకటన ఆరు నెలలు వరసగా వచ్చింది. ఒక్కరూ రాలేదు.

విచారణ రేపనగా, గురువారం, టైలరమ్మ చివరిసారి అడగడానికి వచ్చింది. ఎడిటరమ్మ తల అడ్డంగా ఊపింది.

అప్పుడే ఒకాయన తలుపు దగ్గర నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయించాడు.

"నేను బార్బర్ని మేడమ్. మా షాపు పైగదిలో ఉండే తాత ఆదివారం పోయారు. అదే, నెలనెలా ఇక్కడికొచ్చి పడుకునేవారే. మీ పత్రికలో వేస్తారా?"

ఎడిటరమ్మ చేతిలో పని ఆగిపోయింది. "వీపు తాతా?" అని నాలిక కరుచుకుంది. "చెప్పండి. పోయినవాళ్ళకి లైన్ల లెక్క లేదు."

"జుట్టు కత్తిరించినప్పుడల్లా ఒకటే కథ మేడమ్. నాకు కంఠతా వచ్చేసింది. కొండల మీద మంచు తుపానట. కళ్ళు దెబ్బతిని, కట్టు కట్టుకుని, దారి తప్పి పడిపోయారట. ఎవరో వచ్చి వీపున వేసుకున్నాడట."

బయట ఎండ పెళపెళలాడుతోంది. గదిలో మాత్రం మంచు కురవడం మొదలైనట్టుంది. ఫ్యాను ఆ నెల చుట్టు కూడా మానుకుంది.

"నిద్రపోతే ప్రాణం పోతుందని, మోసేవాడు దారంతా ఎక్కాలు చెప్పించాడట. రెండో ఎక్కం నుంచి. తీరా పదమూడో ఎక్కానికొచ్చేసరికి ఆ మోసేవాడికే తప్పిపోయేదట. మళ్ళీ రెండు నుంచి మొదలట!"

టైలరమ్మ మెల్లగా తలెత్తింది.

"పదమూడు ఎనిమిదుల దగ్గరేనా, నాయనా?"

"అవునమ్మా! మీకెలా తెలుసు?"

"ఆసుపత్రి గుడారం ముందు దించేసి, 'నా కాపలా ఖాళీగా ఉంది' అని పరిగెత్తారా?"

"అచ్చం అదే మాటమ్మా!" అన్నాడు బార్బర్.

ఎడిటరమ్మ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. దొరకలేదు. నిలబడే ఉంది.

"మా పిల్లలిద్దరికీ పదమూడో ఎక్కం నేనే నేర్పుకున్నాను తల్లీ" అంది టైలరమ్మ. "మా ఆయన ఆ రాత్రి కాపలా వదిలింది ఈయన్ని మోయడానికే, రేపు వచ్చి సంతకం పెట్టాల్సిన మనిషి ఈయనే."